పేరు రాయని చీటీ

ట్రంకుపెట్టె అడుగున, పెళ్లిచీర మడతలో దాచిన ఆసుపత్రి ఫైలు లేదు. అత్త ఏసమ్మ కూడా ఇంట్లో లేదు.

రేణుక ఆ చీరను మూడోసారి విప్పి దులిపింది. మడతల్లో చిక్కుకునేంత చిన్న ఫైలేమీ కాదు అది. అయినా దులిపింది.

యేసేపు పత్తి మార్కెట్టు నుంచి అప్పుడే వచ్చాడు. భుజం మీది తువ్వాలకూ తలకూ కనుబొమలకూ పత్తి పీచు అంటుకుని ఉంది. భార్య ఫోన్ చేయగానే, లారీ నుంచి దింపుతున్న మూటను అక్కడే వదిలేసి వచ్చేశాడు.

"చర్చి కాడ సూసినావా?"

"సూసొచ్చినా. తాళం వేసుండాది."

"మిల్లు కాడ?"

"మిల్లు మానేసి మూడు నెల్లాయె. ఆడ ఏం పని ఆయమ్మకు?"

"మల్లేశ్వరక్క ఇంట్లో?"

"పోయినా. ఈ వీధి, ఎనక వీధి అంతా తిరిగినా. ఊరికే కూసున్నా అనుకున్నావా?"

"నువ్వు ఊరికే యాడ కూసుంటావులే" అన్నాడు యేసేపు. "రాస్తావు గదా."

రేణుక చేతిలో చీర అలాగే ఆగిపోయింది.

నిన్న ఆరాధనలో జరిగిన దాని గురించి ఆ ఇంట్లో ఒక్కరూ పూర్తిగా నోరు విప్పలేదు. వాళ్ల చర్చిలో ప్రార్థన మనవుల పెట్టె ఒకటి ఉంటుంది. కష్టమున్నవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. ఆదివారం పాస్టరుగారు ఒక్కొక్కటే తీసి మైకులో చదువుతారు, సంఘమంతా మోకరించి ప్రార్థిస్తుంది. గుట్టుగా ఉంచుకోవాలనుకున్నవాళ్లు పేరు రాయరు.

రేణుక కూడా పేరు రాయలేదు. 'మా అత్తకు ఎడమ రొమ్ములో క్యాన్సరు. కర్నూలులో ముక్క తీసి పరీక్ష చేసినారు. ఆమెకు ఈ సంగతి తెలియదు. తెలియకుండానే ప్రభువు నయం చేయాలని ప్రార్థించండి. ఇట్లు, ఒక సహోదరి' అని మాత్రమే రాసింది. పేరు లేకపోతే ఎవరికీ తెలియదనుకుంది. ఎడమ పక్క కొత్తగా కుట్లు పడిన అత్త ఆ సంఘంలో ఒక్కతే ఉందని ఆమెకు తోచలేదు.

ఏసమ్మది సంఘంలో అందరికంటే పెద్ద గొంతు. ఎవరి కష్టానికైనా ముందు ఆమె కన్నీళ్లే రాలుతాయి. నిన్నా అంతే. "ప్రభువా, ఆ తల్లెవరో నాకు తెలీదు, ఏ ఇంటిదో తెలీదు, కట్టుకున్నోడు ఉండాడో లేడో తెలీదు, ఆయమ్మను కాపాడు తండ్రీ" అని ఏడుస్తూ ప్రార్థించింది. ఏడుస్తూ ఏడుస్తూనే ఆమె కుడిచేయి మెల్లగా రవిక మీదికి, ఎడమ పక్కకు పోయింది.

"ప్రభువా" అంది మళ్లీ. ఆ తర్వాత మాట రాలేదు. సంఘమంతా ప్రార్థిస్తూనే ఉంది. ఏసమ్మ ఒక్కతే కళ్లు తెరిచి, తల వంచుకున్న కోడలి వైపు చూసింది.

ఇంటికొచ్చి అన్నం వండింది. అందరికీ వడ్డించింది. తనూ తింది. ఒక్క మాట అడగలేదు. ఆ అడగకపోవడం చూసి రేణుక సగంలోనే చేయి కడిగేసుకుంది.

"దాచమన్నది నువ్వు" అంది రేణుక ఇప్పుడు, చీరను పెట్టెలోకి విసిరేసి. "కొవ్వుగడ్డ అని సెప్పమన్నది నువ్వు. పొద్దున లేస్తే ఆయమ్మ ముఖం సూడాల, కొవ్వుగడ్డ అనాల. మూడు వారాలు మోసినా. మోయలేక దేవునికి సెప్పుకున్నా. అదీ తప్పేనా?"

"దేవునికి సెప్పుకో. మైకులో సెప్పుకుంటారా ఎవరైనా?"

"మైకు నేను పెట్టినానా?"

యేసేపు జవాబు చెప్పబోయాడు. అంతలో ఫోన్ మోగింది.

"అన్నా, నేను హేమను. ఎమ్మిగనూరు నుంచి. అవ్వ మా ఇంట్లో ఉంది. భయపడొద్దండి. పొద్దున ఫస్ట్ బస్సుకే వచ్చినట్టుంది."

యేసేపు గోడకు ఆనుకున్నాడు. "ఏమంటాండాది?"

"ఏమీ అనలే. ఫైలు నా చేతికిచ్చి, చదువు పాపా అన్నది."

"చదివినావా?"

అవతల కాగితం మడిచిన చప్పుడైంది.

"మీరు రండన్నా" అంది హేమ.

*

హేమ వాళ్లకు చుట్టం కాదు. కర్నూలు ఆసుపత్రి వరండాలో, బెంచీ మీద పరిచయమైంది. ముప్పై ఏళ్లు. నేతపని ఇల్లు. అదే జబ్బు. ఆపరేషన్ అయిపోయి, ఇప్పుడు మూడు వారాలకొకసారి మందు ఎక్కించుకుంటోంది. ఆ రోజు వరుసలో కూర్చోలేక వాలిపోతుంటే ఏసమ్మ ఆమె తలను తన ఒడిలో పెట్టుకుంది. పోయేముందు ఊరూ ఫోన్ నంబరూ ఒకరికొకరు ఇచ్చుకున్నారు. "పాపం, ఈ పిల్లకు పెద్ద జబ్బంట" అని దారంతా బాధపడింది. తనది కొవ్వుగడ్డే కదా అని దేవునికి స్తోత్రం చెప్పింది. పక్క సీట్లో యేసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు మోటారుసైకిలు మీద మొగుడూ పెళ్లామూ ఒక్క మాట లేకుండా పోయారు. రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో ఆడవాళ్లు ఒడిగట్టుకుని పత్తి తీస్తున్నారు. ఒక చోట స్పీడుబ్రేకరు దగ్గర బండి ఎగిరి, రేణుక అతని భుజం పట్టుకుంది. పట్టుకున్న చేతిని వెంటనే తీసేసింది. మరికొంత దూరం పోయాక మళ్లీ తనే పెట్టింది.

హేమ ఇంట్లో ముందు గదంతా మగ్గమే. గుంటలో కూర్చుని హేమ భర్త సంతోష్ నేస్తున్నాడు. వాళ్లను చూసి చేయి ఆపకుండానే లోపలికి పొమ్మని కంటితో సైగ చేశాడు.

"పోండన్నా. పొద్దున్నుంచి నన్ను లోపలికి రానీలే. ఆడోళ్ల మాటలంట."

లోపలి గదిలో ఏసమ్మ చాప మీద కూర్చుని, మజ్జిగలో నానబెట్టిన బొరుగులు గరిటెతో మెదుపుతోంది. ఎదురుగా హేమ. తలకు నూలుగుడ్డ చుట్టుకుంది. మందు వేడికి నోరంతా పూసి, కారం తగిలితే కన్నీళ్లు వస్తున్నాయి ఆమెకు.

"వచ్చినారా" అంది ఏసమ్మ తల ఎత్తకుండా. "ఒకే బండి మీదనా?"

"ఊ" అన్నాడు యేసేపు.

"కొట్లాడుకుంటా వచ్చినారా, మాట్లాడకుండా వచ్చినారా?"

"మాట్లాడకుండా అత్తా" అంది రేణుక గుమ్మం దగ్గరే నిలబడి.

"అయితే గట్టిగానే కొట్లాడినారన్నమాట. కూసోండి."

ఎవరూ కూర్చోలేదు. మరు నిమిషంలో రేణుక చాప మీద పడి అత్త మోకాళ్లు పట్టుకుంది.

"నీ కాళ్లు మొక్కుతా అత్తా. పేరు రాయలేదు గదా అనుకున్నా. నీకు తెలుస్తాదని అనుకోలే..."

"లే. లేసి సక్కగా కూసో. ఏందా ఏడుపు?" ఏసమ్మ గిన్నె పక్కన పెట్టి కోడలి తల మీద చేయి వేసింది. "ఇరవై ఏండ్లాయె నేను ఆ చర్చికి పోబట్టి. ఊర్లో ఎవరెవరికోసమో ఏడ్చినా. నాకోసం అంతమంది మోకాళ్ల మీద కూసోవడం నిన్ననే. అది నీ పున్నెమే గదా."

"అత్తా..."

"అందులో అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే. అదొక్కటే నాకు సిగ్గయితాండేది."

హేమ నవ్వబోయి, నోటి పుండు లాగి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. రేణుక ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేసింది. యేసేపుకు మాత్రం నవ్వు రాలేదు. చాప మీద, తల్లి తొడ పక్కన ఫైలు తెరిచి ఉంది. దాని మీదే ఉన్నాయి అతని కళ్లు.

"యేసేపూ."

"మా."

"ఇట్లా రా. ఇది నీ సంతకమేనా?"

అతను వంగి చూడనక్కర్లేదు. తెలుసు.

"పాపా, ఇంకోసారి సదువు. వాడు గూడా ఇంటాడు."

హేమ కాగితం చేతిలోకి తీసుకుంది. ఇంగ్లీషు ముక్కలను ఒక్కొక్కటిగా తెలుగులోకి మార్చి చెప్పింది. మూడు నెలలుగా తన ఫైలు చదివి చదివి నేర్చుకుంది ఆ భాష. "ఆపరేషన్ చేస్తే మంచిదని డాక్టరు రాసినాడు. దాని కింద, వయసు చూసి ఇంట్లోవాళ్లు ఆపరేషన్ వద్దన్నారు, మాత్రలతోనే చూడమన్నారు అని ఉంది. పక్కన సంతకం. యేసేపు, కొడుకు అని."

"తర్వాతిది?"

"మంగళవారం డాక్టర్లంతా కూర్చుని ఖాయం చేస్తారు. ఆలోపు మనసు మార్చుకుంటే ఫోన్ చేయాల అని నంబరు రాసినారు." హేమ కాగితం దించింది. "మంగళవారం అంటే రేపేనన్నా."

ముందు గదిలో మగ్గం టకటకమంటూనే ఉంది.

"జబ్బు పేరు దాచినావు. దానికి నాకు కోపం లే" అంది ఏసమ్మ. "కోడలు ఏడ్చి దాచింది, నువ్వు నవ్వుకుంటా దాచినావు, నేను గూడా మీ నాయన పోయేటప్పుడు ఆయప్పకాడ దాచినా. కానీ ఇది వద్దు, అది సాలు అని నువ్వే తేల్చేసినావే. నన్ను ఒక మాట అడిగినావా?"

"అడిగితే భయపడతావని."

"పడితే పడతా. నా భయం నన్ను పడనీ. అది గూడా నువ్వే పడాల్నా?"

యేసేపు గోడ వారగా కూలబడ్డాడు. "వయసైందని మా. నువ్వు తట్టుకోలేవని. ఇన్నేండ్లు కష్టపడినావు, ఇప్పుడన్నా..."

"నా వయసెంత?"

"అరవై నాలుగు."

"ఎవరు సెప్పినారు?"

"ఆధారు కార్డులో ఉండాది గదా."

"ఆ కార్డు రాసినోడు నన్ను అడిగినాడు, ఎప్పుడు పుట్టినావమ్మా అని. పత్తి తీసే దినాల్లో అని మాయమ్మ అంటాండె అన్నా. ఆయప్ప నవ్వి, నా ముఖం సూసి, ఒక అంకె ఏసినాడు. అప్పుడు నేను మిల్లు నుంచి అట్లే పోయినా. నెత్తి నిండా పీచు. తెల్లగా ఉంటే ముసల్దాన్ని అనుకున్యాడేమో." ఏసమ్మ కొడుకు తలకు అంటుకున్న పత్తి పీచును వేలితో తీసింది. "ఆ అంకె సూసి నాకు ఆపరేషన్ వద్దంటివా నాయనా? అట్ల సూస్తే నీకూ ఈ పొద్దు అరవై ఉంటాది."

రేణుక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"గడ్డ పట్టింది ఎవరు?" అంది ఏసమ్మ మళ్లీ. "డాక్టరా, నువ్వా? నేను. నీళ్లు పోసుకుంటాంటే సేతికి తగిలింది. దూదిలో ఇరిగిన గింజ ముక్క ఉంటే నా ఏలికి తెలుస్తాది. ముప్పై ఏండ్లు మిల్లులో అదే పని. ఇది మామూలు గడ్డ కాదని నాకు ఆ పొద్దే అనుమానం. మీరు కొవ్వు అంటిరి, సరే అనుకున్నా. మీరు సంతోషంగా సెప్తాంటిరి గదా."

యేసేపు తల వంచుకునే అన్నాడు.

"నువ్వు సూడలే మా. ఆ పొద్దు నువ్వు రక్తం పరీక్షకు పోయినప్పుడు, ఈ పాప లోపల వాంతులు సేసుకుంటాంది. నేను సూసినా. నిలబడలేకపాయె. ముప్పై ఏండ్ల పిల్లే అట్లయిపోతే..."

అంతవరకు చెప్పి, ఎదురుగా హేమ ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"చెప్పన్నా" అంది హేమ. "పర్లేదు. నా గురించి అందరూ నా ముందరే చెప్తారు."

హేమ తలగుడ్డ సరిచేసుకుంది.

"అవ్వకు ఎవరూ ఏం చెప్పలే అని మీరు బాధపడతాండారు. నాకు అడగకముందే అన్నీ చెప్పినారు. చిన్నపిల్ల, చదువుకునింది, తట్టుకుంటాదని. పుస్తకమిచ్చినారు, వీడియోలు పంపినారు, ఫోన్లో గ్రూపులో కలిపినారు. మళ్లా పిల్లలు పుట్టకపోవచ్చని నిలబెట్టి, మా ఆయన ముందరే చెప్పినారు. చుట్టాలు పొద్దున ఒక కషాయం, సాయంత్రం ఒక కషాయం. చెప్పేవాళ్లకు తక్కువ లేదు. పక్కన కూర్చునేవాళ్లే లేరు." ఆమె ఏసమ్మ చేతిలోని గిన్నె వైపు చూసింది. "పొద్దున్నుంచి ఈయమ్మ ఒక్క సలహా చెప్పలేదన్నా. బొరుగులు నానబెట్టి పెట్టింది. అంతే."

"నాకు తెలిస్తే గదా సెప్పేకి" అంది ఏసమ్మ. "తినుపో. సల్లారిపోతాది."

"మజ్జిగ బొరుగులు చల్లారడమేంది అవ్వా?"

"నోరు పుండైనా మాటకు తక్కువ లేదు నీకు."

రేణుక మెల్లగా అత్త పక్కకు జరిగింది. "అత్తా, ఈడికి ఎందుకొచ్చినావు? ఫైలు చదివించుకోవాలంటే మన వీధిలోనే చదివేవాళ్లు ఉన్నారు గదా."

ఏసమ్మ కొడుకు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. అయినా ఆ చిన్న గదిలో అందరికీ వినిపించింది.

"సూడాల్సింది ఉండె. కోసినాక యట్లుంటాదో. ఈ పిల్ల సూపించింది. మొదలు సిగ్గుపడింది, తర్వాత తలుపేసి సూపించింది. కుట్టు బాగానే కుట్టినారు. మీ మామ సద్ది సంచి కుట్టినట్టు కాదు."

"అయ్యో అవ్వా!"

"ఇంకా అడిగినా. సేయి ఎన్నాళ్లకు పైకి లేస్తాది? నా కొప్పు నేనే ముడుసుకుంటానా? ఒక పక్క ఖాళీగా ఉంటే రవిక యట్ల కుట్టించుకోవాల? నీళ్లు ఎవరు పోయాల?"

"నేను పోస్తా అత్తా" అంది రేణుక.

"అది గూడా అడగాలనుకున్నా. నువ్వే అంటివి." ఏసమ్మ కోడలి చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. "ఇవన్నీ డాక్టరును యట్ల అడిగేది? ఆయప్ప నా రొమ్ము సూసి, మాట మాత్రం వీనితో సెప్తాడు. నేను మధ్యలో గోడ మాదిరి కూసుంటా."

యేసేపుకు ఆ గది గుర్తొచ్చింది. డాక్టరు బల్లకు అవతల. తాను ఇవతల. తల్లి పక్క కుర్చీలో, ఒళ్లో సంచి పెట్టుకుని, ఇద్దరి పెదవులనూ మార్చి మార్చి చూస్తూ. "ఏమన్నాడు నాయనా?" అని బయటికొచ్చాక అడిగింది. "ఏం లేదు మా, మాత్రలు మింగితే పోతాదంట" అన్నాడు తను. ఆ మాట చెప్పినందుకు తనలో తను కొంచెం గర్వపడ్డాడు కూడా.

"ఇప్పుడేం సేద్దామంటావు మా?" అన్నాడు.

"నాకేం తెలుసు? ఆపరేషన్ అంటే నాకూ భయమే. ఒద్దు అనాలంటే నేను ఒద్దనాల. సేయమనాలంటే నేను సేయమనాల. రెండిటికీ ముందు నాకు ఎవరన్నా సరిగ్గా సెప్పాల గదా?"

"నంబరుంది" అంది హేమ. "కృష్ణకుమారి సిస్టరుది. నెమ్మదిగా మాట్లాడుతుంది. నాకు గ్రూపులో పెట్టినవన్నీ అర్థం కాకపోతే ఆమెనే అడుగుతాను. ఇప్పుడు డ్యూటీలోనే ఉంటుంది."

ఏసమ్మ లేచి నిలబడింది. ముఖం కడుక్కోవాలా, కొంగు సరిచేసుకోవాలా అన్నట్టు ఒక క్షణం తడబడింది. చివరికి కొంగు భుజం చుట్టూ కప్పుకుంది, చర్చిలోకి పోయేటప్పటిలా.

హేమ నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టి, ఫోన్ ఏసమ్మ చేతికిచ్చింది.

"హలో, ఎవరండీ?"

"నేను... ఏసమ్మను. ఆదోని. ఎడమ పక్కది." అలా చెప్పొచ్చో లేదో అని హేమ వైపు చూసింది. హేమ తల ఊపింది.

"ఆ, ఏసమ్మా! గుర్తుంది. బాగున్నారా? నేనే మీ ఇంటికి ఫోన్ చేద్దామనుకుంటున్నా. మీ అబ్బాయి పక్కన ఉన్నాడా అమ్మా? ఒకసారి ఆయనకివ్వండి, ఆయనకు చెప్తాను."

ఏసమ్మ చేయి దానంతటదే కదిలింది. పొద్దున్నుంచి అన్నన్ని మాటలు అన్న మనిషే, ఆ మాట వినగానే ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి కొడుకు వైపు చాపింది.

యేసేపు చేయి కూడా అలవాటుగానే ముందుకు వచ్చింది. ఫోన్‌కు వేళ్లు తగిలాయి కూడా.

అతను తల్లి ముఖం చూశాడు. చేయి వెనక్కి తీసుకుని వీపు వెనక కట్టుకున్నాడు.

"నేను లేనని సెప్పు మా" అన్నాడు గుసగుసగా.

"అబద్ధమా?" అంది ఏసమ్మ కళ్లు పెద్దవి చేసి. ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. "ఉండాడు తల్లీ. ఈన్నే ఉండాడు. ఉన్నా గూడా నాకే సెప్పు. జబ్బు పేరు నాకు తెలుసు. వాడు ఏసిన సంతకం గూడా తెలుసు."

అవతల ఎక్కడో ఒక ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో పిల్లవాడు దగ్గుతున్నట్టు చప్పుడు వినిపించాయి. తర్వాత ఒక తలుపు మూసినట్టయింది. ఆ చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

"సరే ఏసమ్మా" అంది సిస్టరు. గొంతు మారింది. ఇందాకటి తొందర లేదు అందులో. "మీకే చెప్తాను. మీరు అడగాల్సినవన్నీ కూడా అడగండి, నాకు టైముంది. కానీ ముందొక మాట. పోయిన వారం తీసిన స్కాన్ రిపోర్టు ఇందాకే నా చేతికొచ్చింది. ఇది మీ అబ్బాయికి కూడా ఇంకా తెలీదు."

యేసేపు గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. రేణుక అతని చొక్కా అంచు పట్టుకుని ఆపింది.

"అందులో ఏముందో చెప్పి, దాన్ని బట్టి ఏం చేయొచ్చో చెప్తాను. ఏది కావాలో మీరే ఆలోచించుకుని చెప్పాలి. నిలబడి ఉన్నారా, కూర్చున్నారా అమ్మా?"

ఏసమ్మ ముగ్గురి ముఖాలూ వరుసగా చూసింది. కొడుకు చేయి పట్టుకుని, దాని ఆసరాతో మెల్లగా చాప మీద కూర్చుంది. పట్టుకున్న చేయి వదల్లేదు.

"ఇప్పుడు కూసున్నా" అంది. "సెప్పు."